రెండు గొంతులు, ఒక నియమం: ఆర్వో ప్యార్ట్ స్వరప్రస్థానం

1968 నవంబరు 16న ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో ఆర్వో ప్యార్ట్ రాసిన ‘క్రేదో’ మొదటిసారి వినిపించింది. పియానో, పెద్ద గాయకబృందం, నిండు ఆర్కెస్ట్రా. కండక్టర్ నేమె యార్వి. ఆ రచనకు పునాది బాఖ్ సి మేజర్ ప్రెల్యూడ్, పియానో నేర్చుకునే పిల్లలు సైతం వాయించే చిన్న ముక్క. కంటికి కన్ను అనే పాత న్యాయం ప్రస్తావన వచ్చేసరికి స్వరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ పోతాయి. చివరికి పన్నెండు స్వరస్థానాలూ కలిసి మోగి, ఆర్కెస్ట్రా మొత్తం ఒక్క అరుపై కూర్చుంటుంది. ఆ తర్వాత, చెడును ఎదిరించవద్దన్న సువార్త బోధతో పాటు బాఖ్ తిరిగి వస్తాడు, పరిశుభ్రంగా, ఏమీ జరగనట్టు.

సోవియట్ ఏలుబడిలో క్రీస్తు మీద విశ్వాసాన్ని బాహాటంగా ప్రకటించే పాట అది. అధికారులు మండిపడ్డారు. ‘క్రేదో’ను మళ్ళీ వేదిక ఎక్కనివ్వలేదు, రచయితకు పని ఇచ్చేవారూ కరువయ్యారు. అప్పటికి ప్యార్ట్ వయసు 33. అయితే ఆయనను నిలవేసిన అసలు సంకటం ప్రభుత్వంతో వచ్చింది కాదు, సంగీతంలోనే వచ్చింది. ‘క్రేదో’లో వినేవారి గుండెకు తగిలే ఆ నిర్మలమైన భాగం ఆయనది కాదు, బాఖ్‌ది. ఆయన సొంతంగా రాసినది ఆ మధ్యలోని అరుపు.

సంగీతం నేర్పడంలోనే జీవితం గడిపిన ఒక గురువు పేరిట జరిగే ఈ స్మారకోపన్యాసానికి ఈ స్వరకర్త కథను ఎంచుకోవడానికి కారణం అదే. పేరు వచ్చిన తర్వాత, బహుమతులు అందుకున్న తర్వాత, తన గొంతు తనది కాదని గుర్తించి మళ్ళీ సరళీస్వరాల దగ్గర కూర్చున్న మనిషి ఆర్వో ప్యార్ట్. అలా కూర్చున్నవాళ్ళు చాలామంది ఉండరు. కూర్చుని, లేచి, ప్రపంచమంతా వినే సంగీతం రాసినవాళ్ళు ఇంకా తక్కువ.

ప్యార్ట్ 1935 సెప్టెంబరు 11న ఎస్టోనియాలోని పైదే అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తల్లిదండ్రులు విడిపోవడంతో పసితనంలోనే తల్లితో పాటు రాక్వెరే చేరాడు. అక్కడి ఇంట్లో ఒక పాత గ్రాండ్ పియానో ఉండేది. దాని నడిమి స్థాయి పాడైపోయింది. పనిచేసేవి పైమెట్లు, కిందిమెట్లు మాత్రమే. చదవవలసిన పాఠం నడుమ మెట్ల మీద ఉంటుంది గనక పిల్లవాడు పాఠం పక్కన పెట్టి, ఆ రెండు అంచుల మధ్య తనకు తోచినది వాయించేవాడు. పై అంచున సన్నని స్వరం, అట్టడుగున మంద్రం, మధ్యలో ఖాళీ. నలభై ఏళ్ళ వయసులో ఆయన రాసిన ‘ఫ్యూర్ అలీనా’ వింటే ఆ పియానో గుర్తు రాకుండా ఉండదు. ఒకటి రెండోదానికి కారణమని తేల్చి చెప్పడం తొందరపాటే గానీ, పోలికను కాదనడం కష్టం.

రాక్వెరే చౌకులో స్తంభాలకు లౌడ్ స్పీకర్లు ఉండేవి, రేడియో కచేరీలు వాటిలో వచ్చేవి. కుర్రవాడు సైకిలెక్కి కచేరీ అయిపోయేదాకా చౌకు చుట్టూ తిరుగుతూ వినేవాడు. ఇప్పుడు ఆ చౌకులోనే సైకిల్‌తో నిలబడి సంగీతం వింటున్న కుర్రవాడి విగ్రహం ఉంది.

ఆ తర్వాతి చదువు టాలిన్‌లో సాగింది. మధ్యలో సైన్యంలో చేరక తప్పలేదు, అక్కడి బ్యాండులో డ్రమ్ములూ ఓబో వాయించాడు. 1957లో టాలిన్ కన్సర్వేటరీలో హైనో ఎల్లెర్ దగ్గర శిష్యుడయ్యాడు. ఎస్టోనియా సంగీతంలో రెండు తరాల స్వరకర్తలను తీర్చిదిద్దిన గురువు ఎల్లెర్. శిష్యులను తన అచ్చులో పోయలేదు, ఎవరి దారిన వాళ్ళను పోనిచ్చాడు. కాగితం నిండా స్వరాలు పరచడం కంటే సరైన స్వరం ఒక్కటి పట్టుకోవడం కష్టమని ఆయన దగ్గరే నేర్చుకున్నానని ప్యార్ట్ తర్వాత గుర్తు చేసుకున్నాడు. ఆ పాఠం వంటబట్టడానికి శిష్యుడికి దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది. 1963లో రాసిన మొదటి సింఫనీని ప్యార్ట్ ఎల్లెర్‌కే అంకితమిచ్చాడు.

చదువుతో పాటు ఉద్యోగం. 1958 నుంచి 1967 దాకా ఎస్టోనియా రేడియోలో సౌండ్ ఇంజినీరుగా పనిచేశాడు. ప్యార్ట్ గురించి రాసేవాళ్ళు ఈ తొమ్మిదేళ్ళను ఒక వాక్యంతో దాటేస్తారు. అది న్యాయం కాదనిపిస్తుంది. సౌండ్ ఇంజినీరు పని స్వరాన్ని మొదలు నుంచి తుది దాకా వినడం: ఎక్కడ పుట్టింది, గదిలో ఎలా వ్యాపించింది, ఎప్పుడు నిజంగా ఆగిపోయింది. టేపు కోయాలంటే శబ్దం ఎక్కడ ముగుస్తుందో చెవికి కచ్చితంగా తెలియాలి. ప్యార్ట్ తర్వాతి రచనల్లో ప్రతి స్వరానికీ పూర్తిగా మోగి ఆరిపోవడానికి వ్యవధి దొరుకుతుంది. ఆ చెవి ఎక్కడ తయారైందని వెతికేవాళ్ళు ముందు ఆ రేడియో గదిలోకి చూడాలి.

ఆ రోజుల్లో సోవియట్ దేశంలో యువ స్వరకర్తకు పడమటి కొత్త సంగీతం దొరకడమే గగనం. హెర్బర్ట్ ఐమెర్ట్, ఎర్న్‌స్ట్ క్షెనెక్ రాసిన పాఠ్యపుస్తకాలు చదివి ప్యార్ట్ పన్నెండు స్వరాల పద్ధతి పట్టుకున్నాడు. 1960లో రాసిన ‘నెక్రొలోగ్’ ఎస్టోనియాలో ఆ పద్ధతిలో వచ్చిన మొదటి ఆర్కెస్ట్రా రచన. స్వరకర్తల సంఘానికి మాస్కోలో అధిపతిగా ఉన్న టిఖోన్ ఖ్రెన్నికోవ్ దాన్ని దుయ్యబట్టాడు. విచిత్రం, 1962లో అదే మాస్కో ప్యార్ట్‌కు యువ స్వరకర్తల పోటీలో మొదటి బహుమతి ఇచ్చింది. అది ‘మెయె ఆయెద్’ అనే పిల్లల పాటల రచనకూ, ఒక ఒరటోరియోకూ వచ్చిన బహుమతి. ఒక చేత్తో మొట్టికాయ, మరో చేత్తో పతకం.

1963లో గాయకబృందానికి ‘సొల్ఫెజ్జో’ అనే చిన్న రచన చేశాడు. సాహిత్యమంటూ లేదు. మనం స రి గ మ అన్నట్టే వాళ్ళు దో రే మి అంటారు, ఆ పేర్లనే పాడతారు. సి మేజర్ ఆరోహణ, అంటే మన ధీరశంకరాభరణం స్వరాలు, మళ్ళీ మళ్ళీ వస్తాయి. అయితే ఒక్కో స్వరం ఒక్కో గొంతులో, ఒక్కో స్థాయిలో పడుతుంది. ముందరి స్వరం ఆగకముందే తర్వాతిది మొదలై రెండూ కలిసి మోగుతాయి. పదమూడేళ్ళ తర్వాత రాబోయే ప్యార్ట్ ఇక్కడే తొంగి చూశాడు. తనకే అది తెలిసినట్టు లేదు, ఆ దారి అక్కడే వదిలేశాడు.

1964 నుంచి 1968 దాకా రాసిన వాటిలో ఒక పోలిక కనిపిస్తుంది. 1964 నాటి ‘కొల్లాజ్’లో బాఖ్ ఉన్నాడు. 1966 నాటి రెండో సింఫనీ పిల్లల కీచుబొమ్మల చప్పుడుతో మొదలై, గందరగోళమంతా దాటి, చైకోవ్‌స్కీ పిల్లల కోసం రాసిన ఒక జోలపాట వంటి ముక్క దగ్గర ఆగుతుంది. ‘క్రేదో’లో మళ్ళీ బాఖ్. ఎక్కడ శాంతి కావాలన్నా, ఎక్కడ అందం కావాలన్నా ఇంకొకరి దగ్గర అరువు తేవలసిందే. తన పేరు పెట్టుకోగలిగినది అపశ్రుతి ఒక్కటే. ఇలాంటి స్థితిలో చాలామంది అరువునే అలవాటు చేసుకుంటారు, మరీ అయితే అపశ్రుతినే సొంత గొంతని నమ్మించుకుంటారు. ప్యార్ట్ రెండూ చేయలేదు, అలా రాయడం మానేశాడు.

ఇక్కడొక కట్టుకథ తయారైంది. 1968 నుంచి 1976 దాకా ఎనిమిదేళ్ళు ప్యార్ట్ మౌనంగా ఉండిపోయాడనీ, ఆ మౌనంలోంచి ఒక్కసారిగా కొత్త సంగీతం పుట్టిందనీ రికార్డుల అట్టల మీద తరచూ చదువుతాం. నిజానికి ఆ మధ్యకాలంలో ఇల్లు గడవడానికి సినిమాలకు సంగీతం రాశాడు. 1971లో మూడో సింఫనీ రాసి నేమె యార్వికి అంకితమిచ్చాడు. 1973లో ఒక కాంటాటా రాసి, నచ్చక వెనక్కి తీసుకున్నాడు. వీటన్నిటి వెనుకా నోటుపుస్తకాలు నిండుతూనే ఉన్నాయి. దాన్ని మౌనం అనడం కంటే సాధన అంటే సరిపోతుంది.

ఆ సాధనకు మొదటి ప్రేరణ ఒక రికార్డుల దుకాణంలో అనుకోకుండా చెవిన పడిన గ్రెగోరియన్ స్తోత్రం. కొన్ని క్షణాల పాట. తాళం లేదు, వాద్యం లేదు, వెనక ఆర్కెస్ట్రా లేదు. ఒకే గొంతు, ఒకే వరస. పన్నెండు స్వరాలతో, అరుపులతో, కొటేషన్లతో తాను చేయలేకపోయినది ఆ ఒంటరి వరస చేస్తోందని ప్యార్ట్‌కు తట్టింది. మరి దాన్ని ఎలా నేర్చుకోవాలి? మెళకువ చెప్పే గురువు టాలిన్‌లో లేడు. మఠాల గానపుస్తకాలు తెచ్చుకున్నాడు, పాడుకున్నాడు. పేజీలకు పేజీలు ఒంటరి వరసలు రాశాడు. ఒక కీర్తన చదవడం, వెంటనే మాటలు చూడకుండా ఒక స్వరవరస రాసేయడం, మళ్ళీ ఇంకో కీర్తన. పక్షుల రెక్కల గీత చూసి, ఆ ఎత్తుపల్లాలను స్వరాలుగా మార్చి చూడడం కూడా ఆ అభ్యాసంలో భాగమే. వాటితో పాటు మషో, ఓకెగెమ్, జొస్కెన్ వంటి పాతకాలపు బహుగళ రచయితలను చదివాడు. మూడో సింఫనీ ఆ చదువు ఫలమే. దానిలో చాలా అందం ఉంది, కానీ అదీ ఇంకా పాతవాళ్ళ అందమే.

1972లో నోరాను పెళ్ళి చేసుకున్నాడు. ఆ కాలంలోనే ఆర్థొడాక్స్ క్రైస్తవంలో చేరాడు. ఆయన జీవితచరిత్రలో నోరా పేరు ఒక మూలన చెప్పి వదిలేయదగ్గది కాదు. తర్వాత ఆయన కనిపెట్టిన కొత్త పద్ధతిని మాటల్లో పెట్టినది, దాన్ని పదిమందికీ వివరిస్తూ వచ్చినది ఎక్కువగా ఆమే.

ఆ ఏళ్ళలో మామూలు మనుషులు తనతో అన్న మాటలను ప్యార్ట్ ఎప్పుడూ మరిచిపోలేదు. స్వరకర్త సంగీతం ఎలా రాయాలని ఒకసారి ఇంటి ముందు వీధి ఊడ్చే మనిషిని అడిగాడట. ప్రతి ఒక్క స్వరాన్నీ ప్రేమించాలేమో అని అతను బదులిచ్చాడు. ఇన్నేళ్ళలో ఏ ప్రొఫెసరూ తనకు ఆ మాట చెప్పలేదని ప్యార్ట్ అంటాడు. తాను ప్రార్థనలకు సంగీతం కడుతున్నానని ఒక సన్యాసికి చెబితే, ప్రార్థనలన్నీ ముందే రాసి ఉన్నాయి, ఇక తయారుకావలసింది నువ్వే అన్నాడాయన. ఇంకోటి 1976 జులై 25 నాటి సంగతి. ఒక మఠం ఆవరణలో బల్ల మీద నోటుపుస్తకంతో కూర్చుని ఉంటే పదేళ్ళ పాప వచ్చి ఏం రాస్తున్నావని అడిగింది. సంగీతం రాయాలని చూస్తున్నాను, కుదరడం లేదు అన్నాడు. కుదరనందుకు దేవుడికి దండం పెట్టుకున్నావా అని అడిగిందా పాప.

ఆ పాప కనిపించేనాటికి తలుపు తెరుచుకుని ఆరు నెలలు కావస్తోంది.

1976 ఫిబ్రవరిలో ప్యార్ట్ పియానోకు ‘ఫ్యూర్ అలీనా’ రాశాడు. చదువు కోసం ఇల్లు విడిచి ఇంగ్లండ్ వెళ్ళిన ఒక స్నేహితురాలి కూతురికి కానుక. మొత్తం పదిహేను గీతల (బార్‌ల) రచన, రెండు పేజీలు కూడా నిండదు. తాళం గుర్తు లేదు. స్వరానికి తల ఉంటుంది, కాడ ఉండదు. పొడుగూ పొట్టీ తేడా మాత్రం తెలుస్తుంది. ఎంత పొడుగో వాయించేవాడి ఊపిరి నిర్ణయిస్తుంది.

దాని లోపలి పని మన స్వరాల భాషలో చెబితే ఇంకా సులువుగా పట్టుబడుతుంది. స్వరాలు నఠభైరవివి, బి మైనర్. మొదట అట్టడుగున షడ్జం ఒకసారి మోగుతుంది. పెడల్ తొక్కి ఉంచడం వల్ల అది ఆగకుండా కింద నిలిచే ఉంటుంది. దానిపైన రెండు చేతులు, రెండు గొంతులు. కుడిచేతిది పాట, ఒక్కో గీతకు ఒక్కో స్వరం పెంచుకుంటూ పోయి, తర్వాత తగ్గించుకుంటూ వస్తుంది. ఎడమచేతికి స, గ, ప మూడే స్వరాలు. పాట ఏ స్వరం మీద ఉంటే ఆ మూడింటిలో దానికి సరిగ్గా కింద ఉన్నదాన్ని ఎడమచేయి మోగించాలి. పాటలో రి వస్తే కింద స. గ వచ్చినా స. మ వస్తే గ. ప వస్తే గ. ద గానీ ని గానీ పై స గానీ వస్తే ప. ఎడమచేతికి ఇంతకు మించి స్వేచ్ఛ లేదు. పాట కట్టగానే తోడు దానంతటదే నిర్ణయమైపోతుంది.

ఇది వినగానే మనకు తంబురా గుర్తు రావడం సహజం. కానీ పోలిక కిందనున్న ఆ షడ్జం వరకే చెల్లుతుంది. ఎడమచేయి శ్రుతి కాదు, అది కదులుతుంది. పాట రెండు స్వరాలు దాటినా తోడు ఒకచోటే ఉండవచ్చు, పాట ఒక్క మెట్టు జరిగినా తోడు మూడు మెట్లు దూకవచ్చు. అందుకే వాటి మధ్య దూరం ప్రతిసారీ మారుతుంది. ఒకచోట దగ్గరగా ఒరుసుకుని కొద్దిగా గీరుకుంటాయి, ఇంకోచోట తేటగా విడిపోతాయి. అరవైల్లో ప్యార్ట్ అపశ్రుతినీ సుశ్రుతినీ రెండు శత్రుసేనల్లా ఎదురెదురుగా నిలబెట్టాడు. ఇప్పుడు రెండూ ఒకే నియమంలోంచి పుడుతున్నాయి. బాఖ్‌ను పిలవవలసిన అవసరం తీరిపోయింది.

నియమం అంటే మీటలు నొక్కే యంత్రం కాదని చెప్పడానికి ఆ రెండు పేజీల్లోనే సాక్ష్యం ఉంది. పదకొండో గీతలో ఎడమచేయి ఒక్కసారి మాట తప్పుతుంది. స, గ, ప లలో ఒకటి ఉండవలసిన చోట రి మోగుతుంది. స్వరలిపిలో ప్యార్ట్ అక్కడొక పువ్వు బొమ్మ వేశాడు.

ఈ పద్ధతికి ఆయన ‘టింటినాబులి’ అని పేరు పెట్టాడు, లాటిన్‌లో చిరుగంటలు. స, గ, ప కలిసి మోగే కార్డ్‌లోని ఆ మూడు స్వరాలు ఆయన చెవికి గంటల్లా తోచాయి. రెండు గొంతులు కలిస్తే రెండు కావు, ఒకటే అవుతుందని చెప్పడానికి ప్యార్ట్ దంపతులు ఒకటీ ఒకటీ కలిస్తే ఒకటే అనే లెక్కను వాడుతూ వచ్చారు. పాట పాడే గొంతు తప్పులు చేసే మనిషి, తోడు గొంతు ఆ తప్పులను మన్నించేది అని కూడా ప్యార్ట్ చెప్పాడు. విశ్వాసం లేనివారికి ఈ మాట అక్కర్లేదనిపించవచ్చు. సంగీతం అర్థం కావడానికి నిజంగా అక్కర్లేదు కూడా. కానీ ఆ మనిషి ఎందుకు ఆ నియమాన్ని జీవితాంతం వదల్లేదో అర్థం కావాలంటే కావాలి.

ఆ తర్వాత వరద కట్టలు తెంచుకుంది. 1976 అక్టోబరులో టాలిన్‌లో ఆంద్రెస్ ముస్తొనెన్ నడిపే ‘హోర్తుస్ మూసికుస్’ బృందం కొత్త పద్ధతిలోని రచనలను కలిపి వినిపించింది. మధ్యయుగాల సంగీతం వాయించే బృందం అది. ఆధునిక ఆర్కెస్ట్రాల కంటే వాళ్ళకే ఈ సంగీతం ముందు అర్థమైంది. 1977, 78 సంవత్సరాల్లో ‘ఫ్రాత్రెస్’, ‘కాంటుస్’, ‘మిస్సా సిల్లాబికా’, ‘సుమ్మా’, ‘టాబులా రాసా’, ‘ష్పీగెల్ ఇమ్ ష్పీగెల్’ వరసగా వచ్చాయి. ఈనాటికీ ప్రపంచంలో ఎక్కువగా వాయించే ప్యార్ట్ రచనల్లో చాలాభాగం ఆ కొద్దికాలానివే.

వాటిలో ‘కాంటుస్’ దగ్గర కొంచెం ఆగాలి. 1976 డిసెంబరు 4న ఇంగ్లండ్ స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ చనిపోయాడు. ప్యార్ట్ ఆయనను ఎన్నడూ కలవలేదు. తన మనసుకు దగ్గరైన సంగీతకారుణ్ణి అప్పుడే తెలుసుకుని, అప్పుడే పోగొట్టుకున్నానని ఆయన బాధ. ఆ బాధలోంచి వచ్చిన రచనకు తీగవాద్యాలు, ఒకే ఒక గంట చాలాయి. వస్తువు అవరోహణ, అంతే. మళ్ళీ నఠభైరవి స్వరాలే, ఎ మైనర్‌లో. మొదట స. తర్వాత స ని. తర్వాత స ని ద. తర్వాత స ని ద ప. ప్రతిసారీ పైనుంచి మొదలై ఒక్కో మెట్టు ఎక్కువ దిగడం. సంగీతం పాఠానికి కూర్చున్న ఏ పిల్లకైనా ఈ వరస తెలుసు.

దాన్ని ప్యార్ట్ ఐదు అంతస్తుల్లో పెట్టాడు. మొదటి వయొలిన్లు ఒక వేగంలో దిగుతుంటే, రెండో వయొలిన్లు స్థాయి తగ్గించి సగం వేగంలో అదే వరస దిగుతాయి. వయోలాలు అందులో సగం, చెల్లోలు అందులో సగం, డబుల్ బేస్‌లు అందులో సగం. మన విద్యార్థి మూడు కాలాల్లో ఒకదాని తర్వాత ఒకటిగా పాడే స్వరం ఇక్కడ ఐదు కాలాల్లో ఒకేసారి సాగుతుంది. పైగొంతు పదహారు స్వరాలు దాటేలోగా అడుగుగొంతు ఒక్కటి దాటుతుంది. ఒక్కో వాద్యం తాను చేరవలసిన స్వరం చేరాక అక్కడే నిలిచిపోతుంది, మిగతావి వచ్చేదాకా. అందరూ చేరేసరికి నిండు మైనర్ కార్డ్ పూర్తి బలంతో నిలబడి ఉంటుంది. ఆ హోరులో గంట ఒక్కసారి మెత్తగా మోగుతుంది, వాద్యాల కింద అది వినబడదు. కమానులన్నీ ఒక్కసారి ఆగుతాయి. అప్పుడు మిగిలేది ఆ గంట నాదం ఒక్కటే. గంట స్వభావం వల్ల దాని అనునాదాల్లో అంతర గాంధారం తేలుతుంది. అంతసేపూ సాధారణ గాంధారంలో ఏడ్చిన రచనకు చివరి స్వరం ఎవరూ వాయించనిది. స్వరం ఆరిపోవడాన్ని తొమ్మిదేళ్ళు కొలిచిన సౌండ్ ఇంజినీరుకు తప్ప ఈ ఊహ రాదేమో.

మాటలున్న రచనలకూ నియమం పెట్టాడు. ‘మిస్సా సిల్లాబికా’లో ఒక అక్షరానికి ఒక స్వరం. పాటకు ఒక కేంద్రస్వరం ఉంటుంది, మాటలో ఎన్ని అక్షరాలుంటే, దాన్నీ కలుపుకుని, అన్ని స్వరాల దూరం వెళ్ళాలి లేదా రావాలి. తెలుగుకు అన్వయించి చూస్తే, ‘అమ్మ’ అన్న మాట ఒక్క మెట్టు కదులుతుంది, ‘పరమేశ్వరా’ నాలుగు మెట్లు దాటాలి. అంటే వరస కట్టేది స్వరకర్త కాదు, భాష. మాటకు భావం పులమడం మానేసి, మాట ఆకారాన్నే పాటగా తీసుకోవడం ఇది. సాహిత్యభావాన్ని సంగతులతో విప్పే మన సంప్రదాయానికి ఇది పూర్తిగా ఎదురు దారి. ప్యార్ట్ దారి భారతీయ సంగీతం మీదుగా వెళ్ళింది కాదు గనక దీన్ని మన కొలతతో తూచడం తగదు. వింటే మాత్రం, ఆ లాటిన్ మాటలు ఎవరో నింపాదిగా, పొల్లుపోకుండా ఉచ్చరిస్తున్నట్టు ఉంటుంది.

సోవియట్ గడ్డ మీద మతసాహిత్యం కనుక పేర్లు మార్చవలసి వచ్చింది. ‘సుమ్మా’ అని పైకి మామూలుగా కనిపించే పేరు కింద ఉన్నది లాటిన్ విశ్వాసప్రకటన. తొమ్మిదేళ్ళ కిందట ‘క్రేదో’ అని బాహాటంగా చాటి దెబ్బతిన్న మనిషి ఈసారి మొత్తం పాఠాన్ని మారుపేరుతో పాడించాడు. బైబిల్లో వృద్ధాప్యంలో తల్లయిన సారా మీద రాసినదాన్ని ‘మోదుస్’ అని పిలిచాడు.

‘టాబులా రాసా’ 1977 సెప్టెంబరు 30న టాలిన్‌లో మొదటిసారి మోగింది. కండక్టర్ ఎరి క్లాస్. వయొలిన్లు గిడోన్ క్రేమెర్, తత్యానా గ్రిందెంకో. తీగల మధ్య వస్తువులు బిగించి గంటల్లా మోగేట్టు చేసిన పియానో దగ్గర స్వరకర్త ఆల్ఫ్రెడ్ ష్నిట్కే. కాగితం చూసిన వాద్యకారులు ఇందులో సంగీతం ఎక్కడుందని అడిగారట. వరసలూ కార్డ్‌లూ తప్ప వేళ్ళకు పని చెప్పేది ఏమీ లేదు మరి. వాయించాక ఆ ప్రశ్న మళ్ళీ రాలేదు. రెండో భాగం చివర డబుల్ బేస్ ఒంటరిగా అవరోహణలో దిగుతుంది. రి దాకా వస్తుంది. స వాయించదు. స్వరలిపిలో ఆ పైన ఉన్నవి ఖాళీ గీతలు.

1980 జనవరిలో ప్యార్ట్, నోరా, ఇద్దరు కొడుకులు దేశం విడిచి వియన్నా రైలెక్కారు. సరిహద్దు స్టేషన్ బ్రెస్ట్‌లో తనిఖీ. ఏడు పెట్టెలు, వాటి నిండా స్వరలిపులు, రికార్డులు, టేపులు. ఇవేమిటో విందాం అన్నారు పోలీసులు. ప్యార్ట్ తన రికార్డు ప్లేయర్ తీసి, జనం లేని ఆ పెద్ద స్టేషన్లో ‘కాంటుస్’ పెట్టాడు. తర్వాత ‘మిస్సా సిల్లాబికా’. విన్నాక పోలీసులు ఎంతో స్నేహంగా మాట్లాడారనీ, సోవియట్ చరిత్రలో పోలీసులు స్నేహంగా ఉండడం అదే మొదటిసారై ఉంటుందనీ ఆయన తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. వియన్నా తర్వాత కుటుంబం బెర్లిన్లో స్థిరపడింది.

జర్మనీలో ఒక రాత్రి కారు నడుపుతున్న మాన్‌ఫ్రెడ్ ఐషెర్ రేడియోలో ఏదో సంగీతం విని, సిగ్నల్ బాగా అందడం కోసం రోడ్డు దిగి గుట్టెక్కి కారు ఆపుకుని మిగతాది విన్నాడు. ఆయన ఇ.సి.ఎం. రికార్డు కంపెనీ అధిపతి. అది ‘టాబులా రాసా’ అని తెలుసుకోవడానికి చాలా రోజులు పట్టింది. 1984లో ఆ పేరుతోనే వచ్చిన రికార్డు కోసం ఇ.సి.ఎం. ‘న్యూ సిరీస్’ అనే కొత్త శాఖే తెరిచింది. ప్యార్ట్‌ను ప్రపంచం విన్నది అక్కడి నుంచే.

పేరుతో పాటు ముద్రలూ వచ్చాయి. పోలండ్ స్వరకర్త గురెట్స్కినీ, ఇంగ్లండ్ స్వరకర్త టావెనర్‌నూ ఈయననూ కలిపి విమర్శకులు ‘హోలీ మినిమలిస్టులు’ అన్నారు. అమెరికాలో స్టీవ్ రైక్, ఫిలిప్ గ్లాస్‌ల సరసనా నిలబెట్టారు. ఈ కలపడం పెద్దగా సాయపడదు. గ్లాస్ దారి మలుపు తిరగడంలో 1960లలో పారిస్‌లో పండిత్ రవిశంకర్‌తో చేసిన పనికి చేయి ఉంది, ఆయన వెతికింది లయ. ప్యార్ట్ సంగీతంలో పరుగెత్తే లయ లేదు, అది మఠాల స్తోత్రాల్లోంచీ పాత బహుగళ సంగీతంలోంచీ వచ్చింది. బయటికి సరళంగా వినిపించడం ఒక్కటే వాళ్ళ మధ్య పోలిక. ఇక సులువైన సంగీతమనే ఆరోపణకు జవాబు గాయకబృందాలే చెప్పాలి. ఒక్క గొంతు వెంట్రుకవాసి శ్రుతి తప్పినా అంతా బయటపడిపోయే రచనలు ఇవి. దాక్కోవడానికి పక్కన ఇంకో స్వరం ఉండదు.

2010లో ప్యార్ట్ ఎస్టోనియాకు తిరిగి వచ్చేశాడు. టాలిన్‌కు దగ్గరలో సముద్రతీరాన లౌలస్మా అనే చోట, పైన్ చెట్ల మధ్య, 2018లో ఆయన పేర ఒక కేంద్రం తెరిచారు. డెబ్బైల నాటి ఆ నోటుపుస్తకాలు ఇప్పుడు అక్కడే ఉన్నాయి. కట్టుకథలు కాక అసలు పని ఎలా జరిగిందో చూడాలనుకునే పరిశోధకులకు అవి ఆధారం.

ప్యార్ట్‌ను కొత్తగా వినదలచిన వాళ్ళు చాలామంది ‘ష్పీగెల్ ఇమ్ ష్పీగెల్’తో మొదలుపెడతారు, సినిమాల పుణ్యమా అని అది అందరికీ తెలుసు. దానికంటే ముందు ‘క్రేదో’ వినడం మంచిది, మధ్యలో చెవులు మూసుకోవాలనిపించినా చివరిదాకా. వెంటనే ‘ఫ్యూర్ అలీనా’ వినాలి. రెండుమూడు నిమిషాలే గనక రెండుసార్లు వినవచ్చు: మొదటిసారి కుడిచేతిని, రెండోసారి ఎడమచేతిని పట్టుకుని, పదకొండో గీతలో రి ఎక్కడ మోగుతుందో కనిపెట్టాలి. సంగీతం నేర్చుకుంటున్న పిల్లలుంటే ‘కాంటుస్’ పెట్టి, ఐదు కాలాల్లో తమకు తెలిసిన అవరోహణ ఏ వాద్యంలో ఎప్పుడు మొదలవుతుందో వేలు మడిచి చెప్పమనాలి. వాళ్ళు పట్టుకుంటారు.